మా కుక్క చిన్ని కీళ్ల నొప్పులకు 11 నెలలుగా వాడిన మూలికల మందులు: ఏవి ఉంచాం, ఏవి పారేశాం

పోయిన సంక్రాంతికి మొదటిసారి గమనించాను. మా కుక్క పేరు చిన్ని, లాబ్రడార్ జాతిది, అప్పటికి 11 ఏళ్లు నిండి 12లో పడింది. నేను వాకిట్లో ముగ్గు వేస్తున్నంతసేపూ గుమ్మం దగ్గర కూర్చుని చూడటం దానికి చిన్నప్పటి నుంచీ అలవాటు. ఆ రోజు ముగ్గయ్యాక లోపలికి పిలిస్తే ముందు కాళ్లు లేచాయి గానీ వెనక కాళ్లు రాలేదు, గ్రానైట్ మీద చెరో పక్కకీ జారిపోయాయి. మూడోసారికి ఎలాగో లేచి తోక ఊపుకుంటూ వచ్చింది. నాకు గుండె కలుక్కుమంది. తర్వాత పక్కన కూర్చుని ఒళ్లంతా చూస్తే వెనక కాళ్ల గోళ్లు రెండు, చివర్లు అరిగిపోయి చదునుగా ఉన్నాయి, అంటే ఎప్పటి నుంచో కాళ్లు ఈడుస్తోందన్నమాట, ఇంట్లో నలుగురం ఉండీ చూసుకోలేదు. ముందు కాలి మడమ దగ్గర నాకి నాకి అక్కడి వెంట్రుకలు ఇటుక రంగుకి తిరిగాయి.

అప్పటి నుంచి రెండు రకాల మూలికల మాత్రలు, ఒక తైలం, ఇంట్లో చేసిన పసుపు ముద్ద, చేప నూనె, అన్నీ వాడాం. కంపెనీల పేర్లు రాయడం లేదు. లేబుల్ మీద ఏం చూడాలో, ఏది దేనికి పనికొచ్చిందో రాస్తే మీకు దొరికే ఏ కంపెనీ మందుకైనా ఉపయోగపడుతుందని నా ఉద్దేశం. మాది విజయవాడ, నేల మొత్తం గ్రానైట్, ఈ విషయం గుర్తుంచుకోండి, తర్వాత మళ్లీ వస్తుంది.

మొదట ఆన్‌లైన్‌లో తెప్పించిన మాత్రల సంగతి. డబ్బా మీద ముసలి కుక్క గాల్లోకి ఎగురుతున్న బొమ్మ, "100 శాతం సహజం, దుష్ఫలితాలు లేవు" అని పెద్ద అక్షరాలు. 60 మాత్రలు, 640 రూపాయలు, రోజుకి రెండు. లోపల ఏమున్నాయని చూస్తే శల్లకి (ఒక చెట్టు బంక), గుగ్గులు, అశ్వగంధ, నల్లేరు, పసుపు అని పేర్లున్నాయి గానీ ఏది ఎన్ని మిల్లీగ్రాములో ఎక్కడా లేదు. కస్టమర్ కేర్‌కి ఫోన్ చేసి అడిగితే "అది మా ఫార్ములా మేడమ్, చెప్పకూడదు" అన్నారు. సరే అనుకుని రెండు నెలలు వేశాను. ఏ మార్పూ లేదు. ఇప్పుడు ఆలోచిస్తే నాకు కోపం ఆ మాత్ర పని చేయనందుకు కాదు. అందులో శల్లకి పని చేసేంత ఉందో, పేరుకి చిటికెడు కలిపారో తెలుసుకునే దారే లేదు. మోతాదు రాయని మూలికల మందు కొనకండి, ఎంత మంచి రివ్యూలున్నా సరే.

ఆ రెండు నెలల్లోనే తైలం ముచ్చట కూడా అయింది. మనుషులకి వాడే నొప్పుల తైలమే, మూలికలదే కదా అని వెనక కాళ్ల కీళ్లకి రాత్రి పూట మర్దన చేశాను. మర్దన చేస్తున్నంతసేపూ హాయిగా పడుకుంది, నేను చేతులు కడుక్కుని వచ్చేసరికి మొత్తం నాకేసింది. తెల్లవారుజామున రెండుసార్లు వాంతి. డాక్టర్ గారికి ఫోన్ చేస్తే సీసా మీద ఏం రాసుందో చదవమన్నారు. కర్పూరం, వింటర్‌గ్రీన్ నూనె అని చదివాను. "అమ్మా, ఆ రెండూ కుక్క కడుపులోకి పోకూడదు" అన్నారు. కర్పూరం ఎక్కువైతే కుక్కలకి ఫిట్స్ దాకా వెళ్తుంది, వింటర్‌గ్రీన్‌లో ఉండేది ఆస్పిరిన్ జాతి మందు, కడుపులో పుండ్లు పడతాయి. మనం రాసుకునే బామ్‌లు, స్ప్రేలు చాలావాటిల్లో ఇవే ఉంటాయి. కుక్క ఒంటికి ఏది రాసినా నోట్లో పెట్టినట్టే, ఎందుకంటే అది నాకకుండా ఉండదు. అదృష్టం బాగుండి చిన్ని సాయంత్రానికల్లా తేరుకుంది. ఆ సీసా ఆ రోజే బయట పడేశాను.

దాని బదులు మా అమ్మమ్మ చేసే కాపడం పట్టుకున్నాను. కళ్లుప్పు మూకుట్లో వేయించి, పాత పంచె గుడ్డలో మూట కట్టి, ముందు నా మణికట్టు మీద పెట్టి చూసుకుని, వేడి సుఖంగా ఉందనిపించాకే దాని తుంటి మీద పెట్టడం, పది నిమిషాలు, పొద్దున్న నడకకి ముందు. వావిలాకు దొరికిన రోజున ఆకు కూడా వేయించి మూటలో వేస్తాను. వావిలాకు వల్ల ఎంత, వేడి వల్ల ఎంత అంటే వేడి వల్లే ఎక్కువనుకుంటున్నాను, ఎందుకంటే ఉత్త ఉప్పు మూటకీ అంతే తేడా కనిపిస్తుంది. మూట తీస్తే ముక్కుతో నా చేతిని తోస్తుంది, ఇంకాసేపు పెట్టమని. పైసా ఖర్చు లేని ఈ వైద్యానికి నేను అయిదుకి అయిదు మార్కులు వేస్తాను.

పసుపు గురించి చాలామంది అడిగారు కాబట్టి కాస్త వివరంగా రాస్తాను. పసుపు మార్కెట్ ఉన్న దుగ్గిరాల మాకు దగ్గరే, కాబట్టి కొమ్ములు తెచ్చి ఆడించాను. విడిగా అమ్మే పొడిలో రంగు కలిపే అవకాశం ఉంది, సీసం ఉన్న రంగు కలిపిన పసుపు మన దేశంలో పట్టుబడిన సందర్భాలున్నాయి, అలాంటిది రోజూ పెడితే మందు కాదు విషం. ఒక కప్పు నీళ్లలో అరకప్పు పసుపు ఉడికించి, కొబ్బరి నూనె, కొద్దిగా మిరియాల పొడి కలిపి ముద్దలా చేసి పెడతారు. నూనె, మిరియాలు ఎందుకంటే పసుపులో నొప్పికి మందని చెప్పే కర్‌క్యుమిన్ నీళ్లలో కరగదు, ఒంటికి పట్టేది చాలా తక్కువ, మిరియాల్లోని పైపరిన్ ఉంటే కాస్త ఎక్కువ పడుతుంది. అసలు పసుపులో కర్‌క్యుమిన్ ఉండేదే సుమారు 3 శాతం, అంటే ఒక చెంచా, 3 గ్రాములనుకుంటే అందులో 90 మిల్లీగ్రాములు, దాంట్లో ఒంటికి పట్టేది ఇంకెంత చెప్పండి. కుక్కల మీద కర్‌క్యుమిన్ సారాన్ని పరీక్షించిన పరిశోధన ఒకటి 2003లో వచ్చింది, డాక్టర్లు చూసి బాగుందన్నారు గానీ కాలి మీద ఎంత బరువు మోపుతోందో యంత్రంతో కొలిస్తే చెప్పుకోదగ్గ తేడా రాలేదు. మా చిన్నికి రెండు నెలలు పెట్టాను. పెరుగన్నంలో కలిపితే ఇష్టంగానే తినేది, కానీ మోతాదు చెంచాకి పెంచగానే విరేచనాలు, పరుపు మీదా సోఫా మీదా పోని పసుపు మరకలు. నడకలో తేడా లేదు. పైగా పసుపు రక్తాన్ని కొంచెం పలచబరుస్తుంది, నొప్పి మందులతో కలిస్తే కడుపుకి మంచిది కాదని డాక్టర్ గారు మానిపించారు. కూరలో వేసే చిటికెడు పసుపుతో ఏ ఇబ్బందీ లేదు, మందుగా మాత్రం నాకు నమ్మకం పోయింది.

ఏప్రిల్‌లో గానీ ఎక్స్‌రే తీయించలేదు, అదే నేను చేసిన తప్పు. జనవరిలోనే తీయించాల్సింది. రెండు తుంటి కీళ్లూ అరిగాయి, ఎడమది ఎక్కువ. ఎముక అంచుల్లో ముళ్లలా పెరిగినవి ఫిల్మ్ మీద నాక్కూడా కనిపించాయి. లాబ్రడార్లకి ఎదిగే వయసులో తుంటి కీలు సరిగ్గా కుదరకపోవడం మామూలేనట, వయసు మీద పడేసరికి గుజ్జు అరిగి ఎముకకి ఎముక రాసుకుంటుంది. డాక్టర్ గారు రక్త పరీక్ష చేయించి, లివర్, కిడ్నీలు బాగున్నాయని చూసి నాలుగు వారాలకి కుక్కల కీళ్ల నొప్పికి వాడే కార్‌ప్రోఫెన్ రాశారు. మూడో రోజున చిన్ని తనంతట తానే లేచి గేటు దాకా వెళ్లింది. అప్పుడు అర్థమైంది, ఇన్నాళ్లూ అది ఎంత నొప్పి ఓర్చుకుందో. ఇలాంటి నొప్పికి కుక్కలు చాలావరకు మూలగవు, ఏడవవు, కదలడం తగ్గిస్తాయంతే, మనమేమో ముసలిదైపోయింది అనుకుంటాం.

నొప్పి మందు అనగానే ఒక మాట. ఆ మధ్య మా మామగారు జాలిపడి తన మోకాళ్ల మాత్ర సగం విరిచి ఇడ్లీలో పెట్టబోయారు, నేను చూసి ఆపాను. డైక్లోఫెనాక్, ఐబుప్రోఫెన్, పారాసెటమాల్, ఇవేవీ ఇంట్లో ఉన్నాయి కదా అని కుక్కకి పెట్టకండి. పేగుల్లో రక్తస్రావం, కిడ్నీలు పాడవడం, లివర్ దెబ్బతినడం, మనకి అరుదుగా జరిగేవి వాటికి తేలిగ్గా జరుగుతాయి. డైక్లోఫెనాక్ వేసిన పశువుల కళేబరాలు తిని రాబందులు కిడ్నీలు పాడై వేలకి వేలు చచ్చిపోతే 2006లో మన ప్రభుత్వం పశువైద్యంలో దాన్ని నిషేధించింది, ఒకే మందు ఒక్కో ప్రాణి మీద ఒక్కో రకంగా పని చేస్తుందని చెప్పడానికి అది చాలు.

ఇక రెండో రకం మాత్రలు, అసలు ఈ రివ్యూ రాయడానికి కారణం ఇవే. మే నుంచి వాడుతున్నాను. ఇందులో ఉన్నది ఒకటే, శల్లకి సారం, ఒక్కో మాత్రలో ఎంత, అందులో అసలు పని చేసే బాస్‌వెలిక్ ఆమ్లాలు ఎంత శాతం అన్నది డబ్బా మీదే ఉంది, బ్యాచ్ నంబరు, తయారీ తేదీ ఉన్నాయి. శల్లకి అంటే మన అడవుల్లో పెరిగే అందుగు చెట్టు బంక, ధూపం వేస్తే ఆ వాసన మీకు తెలిసే ఉంటుంది. డబ్బా మూత తీయగానే పూజ గది గుర్తొస్తుంది. వాపు రేపే ఒక ఎంజైముని ఇది అడ్డుకుంటుందట, కార్‌ప్రోఫెన్ పని చేసే దారి వేరు, అందుకే రెండూ కలిపి వాడొచ్చని డాక్టర్ గారు ఒప్పుకున్నారు. 2004లో స్విట్జర్లాండ్‌లో 29 కుక్కలకి ఆరు వారాలు ఈ బంక పెట్టి చూస్తే చాలావాటికి కుంటడం తగ్గిందని ప్రచురించారు, కాకపోతే మందు పెట్టని కుక్కలతో పోల్చి చూడలేదు, కాబట్టి దాన్ని పట్టుకుని అద్భుతం అనడానికి లేదు.

డాక్టర్ గారు ఒక మంచి మాట చెప్పారు. "డబ్బులు పెట్టి కొన్నాక మన కళ్లు మనల్నే మోసం చేస్తాయమ్మా, కుక్క మామూలుగా నడిచినా బాగా నడిచినట్టే అనిపిస్తుంది" అని. అందుకని ఒక పద్ధతి పెట్టుకున్నాను. ప్రతి ఆదివారం పొద్దున్న మా అత్తయ్య చిన్ని లేచే వీడియో ఫోన్లో తీస్తారు, పాల బూత్ దాకా వెళ్లి వచ్చేలోపు ఎన్నిసార్లు కూర్చుందో కాలెండర్ మీద రాస్తారు. సెప్టెంబరులో మూడు వారాలు మాత్ర ఆపేశాను, ఆవిడకి చెప్పలేదు, మాత్ర దాచి పెట్టే ఇడ్లీ ముక్క మాత్రం రోజూ ఉత్తగా పెట్టాను. మొదటి రెండు వారాలు కాలెండర్ మీద ఒకటి, ఒకటి అనే ఉంది. మూడో ఆదివారం మూడు. వీడియోలో లేవడానికి అంతకు ముందు నాలుగు సెకన్లు పట్టేది తొమ్మిది అయింది. మా అత్తయ్య తనంతట తనే "ఏంటే, మళ్లీ దానికి నడుం పట్టేసినట్టుంది" అన్నారు. మళ్లీ మొదలుపెట్టిన పది పన్నెండు రోజులకి ఒకటికి వచ్చింది. ఒక్క కుక్క మీద, ఒక్కసారి చేసిన లెక్క ఇది, వానలు పడుతున్న రోజులు కూడా. అయినా నేను కొనసాగించడానికి ఈ మాత్రం చాలనుకున్నాను. నొప్పి తీసేసే మందు కాదు ఇది, బాగా ఉన్న రోజులు కొన్ని పెరిగాయి, కార్‌ప్రోఫెన్ ఇప్పుడు మరీ బాగోలేని రోజుల్లోనే, అదీ డాక్టర్ గారితో మాట్లాడాకే వేస్తున్నాం. అయిదుకి మూడున్నర ఇస్తాను. తగ్గించిన దాంట్లో అర మార్కు మాత్ర సైజుకి, చిన్న కుక్కకి ఆ మాత్ర మింగించడం చాలా కష్టం. మొదటి వారం చిన్నికి కడుపు కాస్త మెత్తబడింది కూడా, సగం మాత్రతో మొదలుపెట్టండి.

చేప నూనె మూలికల్లోకి రాదు గానీ చెప్పకుండా ఉండలేను, ఎందుకంటే కీళ్లకి పెట్టే వాటిల్లో గట్టి ఆధారం ఉన్నది దీనికే. కెనడాలోని మాంట్రియల్ యూనివర్సిటీ వాళ్లు అప్పటిదాకా వచ్చిన పరిశోధనలన్నీ కలిపి చూసి 2022లో రాశారు, చేప నూనెలో ఉండే ఒమేగా 3 పని చేస్తుంది, కీళ్ల కోసమని అందరం ఎగబడి కొనే గ్లూకోసమైన్, కాండ్రాయిటిన్ మాత్రం పని చేయట్లేదు అని. క్యాప్సూల్ మీద 1000 మిల్లీగ్రాములు అని ఉంటే అది మొత్తం నూనె, లోపల అసలు పని చేసే ఒమేగా 3 కొవ్వులు, అంటే ఈపీఏ, డీహెచ్ఏ కలిపి చాలావాటిల్లో 300 మాత్రమే ఉంటాయి, లెక్క దాన్ని బట్టి వేయాలి. డాక్టర్ గారు బరువు చూసి చెప్పిన మోతాదుకి నెమ్మదిగా వెళ్లండి, ఒకేసారి పెంచితే విరేచనాలే. కాడ్ లివర్ ఆయిల్ వేరు, అందులో ఎ, డి విటమిన్లు ఎక్కువ, ఈ మోతాదులో పెట్టకూడదు. తీపి కలిపిన నమిలే రకం అసలొద్దు, అందులో చక్కెర బదులు వాడే జైలిటాల్ ఉంటే కుక్క ప్రాణానికే ముప్పు.

బంధువులు చెప్పినవి కూడా బోలెడు. వెల్లుల్లి కాచిన నూనె తాగించమని మా పిన్ని చెప్పింది, మనకి మంచిదే, కుక్కలకి వెల్లుల్లి, ఉల్లి రెండూ రక్త కణాలని దెబ్బతీస్తాయి. నల్లేరు పచ్చి కాడ నూరి పెట్టమన్నారు ఇంకొకరు, నల్లేరు పచ్చడి చేసినవాళ్లకి తెలుసు చేతులు ఎంత దురద పెడతాయో, అది దాని గొంతులో వేయడం నాకు మనసొప్పలేదు. అన్నిటికన్నా భయపెట్టింది మా వీధిలోని ఒక పొమేరియన్ సంగతి. ఎక్కడి నుంచో పేరు లేని పొట్లాల మందు తెచ్చి వేశారు, రెండు రోజుల్లో గంతులేసిందట, వీధి వీధంతా ఆ పొట్లాలకి ఎగబడింది. నెల తిరిగేసరికి గిన్నెలకి గిన్నెలు నీళ్లు తాగడం, ఇల్లంతా మూత్రం, పొట్ట ఉబ్బిపోవడం. డాక్టర్ చూసి అందులో స్టెరాయిడ్ కలిపి ఉంటారన్నారు. మూలికల మందు రెండు రోజుల్లో గంతులేయిస్తే సంతోషించకండి, అనుమానించండి.

ఇంతకీ చిన్నికి అన్నిటికన్నా ఎక్కువ మేలు చేసింది ఏ డబ్బాలోనూ రాలేదు. ఏప్రిల్‌లో అది 36 కిలోలు. ఎక్స్‌రే చూపిస్తూ డాక్టర్ గారు అన్న మాట, "ఈ కీళ్లు మోయాల్సింది 30." అమెరికాలో 48 లాబ్రడార్లని జతలు జతలుగా పెంచి, ఒక్కో జతలో ఒకదానికి జీవితాంతం 25 శాతం తక్కువ తిండి పెట్టిన పరిశోధన ఒకటుంది, 2002లో బయటికొచ్చింది. సన్నగా ఉన్నవి సగటున దాదాపు రెండేళ్లు ఎక్కువ బతికాయి, కీళ్ల జబ్బు కూడా వాటికి ఆలస్యంగా వచ్చింది. మా ఇంట్లో అది తినే అన్నం కన్నా చేతిలోంచి జారే తిండి ఎక్కువ, మామగారి బిస్కెట్లు, అత్తయ్య పెట్టే పూరీ ముక్క, పిల్లల చిప్స్. అవన్నీ మానిపించడానికి ఇంట్లో పెద్ద యుద్ధమే జరిగింది. అన్నం సగానికి తగ్గించి, ఉడికించిన సొరకాయ, గుమ్మడికాయ, చికెన్ కలిపాను. ప్రతి రెండు వారాలకీ సందు చివర బియ్యం షాపులో బస్తాలు తూచే కాటా మీద నిలబెడతాను, షాపాయన ముందే రాళ్లు సర్దిపెట్టి ఉంచుతాడు. నవంబరు చివరికి 30 కిలోల 800 గ్రాములు.

రెండోది నేల. గ్రానైట్ మీద అది పడుకునే చోటు నుంచి నీళ్ల గిన్నె దాకా, అక్కడి నుంచి గేటు దాకా రబ్బరు పట్టాలు పరిచాం, 1,800 రూపాయలయ్యాయి. పాదాల మధ్య వెంట్రుకలు కత్తిరించాను, గోళ్లు తీయించాను. పట్టా పరిచిన మొదటి రోజు దాని మీదే నడిచి, పట్టా అయిపోయిన చోట ఆగి నిలబడింది, అవతల అడుగు వేయలేదు. అంటే ఇన్నాళ్లూ ఆ నేల మీద భయంగా నడిచిందన్నమాట. మర్నాడే మిగతా హాలుకీ తెచ్చాం. నడక కూడా ఒకేసారి గంట కాకుండా పదిహేను నిమిషాల చొప్పున మూడుసార్లు.

మీ కుక్క ఏడెనిమిదేళ్లు దాటి లేవడానికి తడబడుతుంటే ముందు ఎక్స్‌రే, రక్త పరీక్ష చేయించి, బరువూ నేలా చూసుకుని, ఆ తర్వాతే శల్లకి మాత్ర గురించి ఆలోచించండి. నేను దీన్ని తలకిందులుగా చేసి చిన్ని చేత మూడు నెలలు అనవసరంగా నొప్పి భరింపజేశాను. వాడితే కనీసం ఆరు వారాలు చూడండి, తేడా లేకపోతే ఆపేయండి, కార్‌ప్రోఫెన్ లాంటిది వాడుతుంటే డాక్టర్‌ని అడగకుండా ఏ మూలికా కలపకండి, ఆపరేషన్ ఏదైనా ఉంటే వాడుతున్న మూలికల సంగతి ముందే చెప్పండి.

ప్రస్తుత డబ్బాలో ఇంకా 14 మాత్రలున్నాయి, అయిపోతే మళ్లీ తెప్పిస్తాను. వచ్చే నెల రక్త పరీక్ష ఉంది. ఈ పొద్దున్న ముగ్గు వేస్తుంటే వచ్చి గుమ్మం దగ్గర పట్టా మీద కూర్చుంది, పిలవగానే ఒక్కసారికే లేచింది.